హెడ్డు గారి పాటల ప్రోగ్రాం: పాటకు నాలుగు మార్కులు, మైకుకు ఒకటి

పోలీసు కళాజాత అనగానే జనం ముందే ఒక లెక్కకు వచ్చేస్తారు. వెనకాల బ్యానరు, ఆలస్యంగా వచ్చే అతిథులు, సినిమా బాణీలో ఇరికించిన నాలుగు నినాదాలు. నెల్లూరు జిల్లా అల్లూరు వైపు ఒక ఊళ్ళో, కోతల కాలంలో, రామాలయం ముందు జరిగిన ఈ ప్రోగ్రాంలో ఆ లెక్క సగం తప్పింది, సగం నిజమైంది. తప్పిన సగం పాటలది. నిజమైన సగం మైకు సెట్టుదీ, ఉపన్యాసాలదీ. మీ ఊరికో కాలేజీకో ఇట్లాంటి జట్టును పిలిపించుకోవాలనుకుంటే రెండు సగాల సంగతీ తెలిసుండాలి.

ముందు మనిషి గురించి. హైవే పక్క స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్. పాట రాసేది, బాణీ కట్టేది, గిటార్ వేసుకుని ముందు నిలబడి పాడేది ఆయనే. జట్టు మొత్తం ఐదుగురు: ఆయన, రెండు డప్పులు, తాళాలు పట్టుకున్న ఒక హోంగార్డు, వంత పాడే ఒక మహిళా కానిస్టేబుల్. డ్యూటీలో భాగంగా చేసే ప్రోగ్రాం కాబట్టి పారితోషికం ఉండదు. స్టేజీ, మైకు, కరెంటు, మంచినీళ్ళు, రాత్రి భోజనం పిలిచినవాళ్ళవి.

పల్లెపాటకు గిటార్ ఏందబ్బా అని మొదటి అయిదు నిమిషాలు అనిపిస్తుంది. ఆయన వాయించే పద్ధతి అమెరికా పల్లె సంగీతానిది, అక్కడివాళ్ళు కంట్రీ అనేది. బొటనవేలితో లావు తీగ మీద ఒక దెబ్బ, వెంటనే మిగతా తీగల మీద కిందికి ఒక గీత. ధుం-చక్, ధుం-చక్. జీ, సీ, డీ అని మూడే కార్డులు, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులు. తీగలన్నిటినీ ఒకేచోట నొక్కిపట్టే కాపో అనే బిగింపును రెండో మెట్టు మీద పెడతాడు కాబట్టి చెవికి వినపడే శ్రుతి ఏ. ఈ పద్ధతికీ కొలువు చేసుకుంటూ పాట కట్టేవాళ్ళకూ చుట్టరికం పాతదే. 1927లో బ్రిస్టల్ అనే ఊళ్ళో విక్టర్ కంపెనీ రికార్డు చేసినవాళ్ళలో కార్టర్ కుటుంబం ఒకరు, జిమ్మీ రోడ్జర్స్ ఇంకొకరు. కంట్రీ పాట చరిత్ర చెప్పేవాళ్ళు అక్కడినుంచే మొదలుపెడతారు. రోడ్జర్స్ అంతకుముందు రైళ్ళలో బ్రేకులు వేసే ఉద్యోగం చేసినవాడు, పాటల్లోనూ రైళ్ళే. మన హెడ్డు గారి పాటల్లో హైవే, లారీలు, ప్రమాదం జరిగిన చోటు.

ఇక పాటలు. మొత్తం ఆరు పాడారు. అందులో రెండు ఎక్కడికైనా తీసుకుపోదగ్గవి, రెండు ఫరవాలేదు, రెండు తీసేయొచ్చు.

అన్నిటికన్నా గట్టిది వడ్ల పాట. కోతలప్పుడు తారు రోడ్డు మీద వడ్లు పోసి ఆరబెట్టడం ఈ పక్క అందరూ చేసేదే. వడ్లు జారకుండా అంచున రాళ్ళు పెడతారు, రాత్రికి మంచు పడకుండా నల్ల పట్టా కప్పుతారు. రోడ్డు నలుపు, పట్టా నలుపు, రాయి నలుపు. అటు పోయే బైకు లైటుకు రాయి దగ్గరికొచ్చేదాకా ఆనదు. ఆనాక బ్రేకు వేస్తే చక్రం కింద వడ్లు గోలీల్లాగా దొర్లుతాయి, టైరు రోడ్డును పట్టుకోదు. ఈ మొత్తాన్ని ఆయన పాటలో పెట్టిన తీరు చూడండి:

ఎన్ని పుట్లు పండెనన్నా, యాడ బోసినావు అన్నా
తారు రోడ్డు నీ కళ్ళమా, తాతలిచ్చిన సొత్తా అన్నా
నల్ల పట్టా కప్పినావు, నాలుగు రాళ్ళు పేర్చినావు
నాలుగో రాయి యాడుందో నాకు చెప్పకపోతివన్నా

చివరి పాదంలో ‘నాకు’ అంటున్నది చనిపోయిన కుర్రాడని రెండో చరణం దాకా తెలియదు. అదీ ఈ పాటలో పనితనం. మొదటి చరణంలో జనం నవ్వుతారు, ఎందుకంటే పుట్లలో లెక్క అడగడం, ‘యాడ’ అనడం వాళ్ళ మాటే. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలని వేరే జిల్లా అధికారికి వివరించాలేమో గానీ ఇక్కడి రైతుకు అక్కర్లేదు. రెండో చరణంలో ‘చెప్పు ఒకటి వడ్లలోనే చిక్కి ఉండాది తెల్లారేదాకా’ అని వస్తుంది. డప్పులు రెండూ అక్కడ ఆగిపోతాయి, గిటార్ లావు తీగ ఒక్కటే మోగుతుంది. ముందు వరసలో పల్లీలు ఒలుస్తున్న చేతులు ఆగాయి. ఆ వెంటనే ‘ఇంటి దీపం ఆరిపోయె’ అన్న పాదం లేకుంటే ఇంకా బాగుండేది. చెప్పు చూపించాక దీపం దేనికి? ఆ దీపం ప్రతి ప్రమాదం పాటలోనూ ఆరుతూనే ఉంది.

జరిమానా మాట పాటలోకి తేకపోవడం మంచి తెలివి. పాట అయ్యాక మామూలు గొంతుతో ఒక్కసారి చెప్పాడు: దారికి అడ్డం పెట్టి జనానికి అపాయం తెస్తే కొత్త న్యాయ సంహితలో 285వ సెక్షను, అయిదు వేల దాకా జరిమానా. ఆపైన పనికొచ్చే మాట ఇంకోటి: పోయక తప్పదనుకుంటే రోడ్డులో సగం దాటొద్దు, మలుపులో వద్దు, రాయికి బదులు ఇసక మూట పెట్టుకోండి, చీకటి పడకముందే ఎత్తేయండి. పోలీసు నోట ‘పోయక తప్పదనుకుంటే’ అన్న మాట రావడం వల్లే రైతులు మిగతాది విన్నారు.

రెండోది ఫోన్ మోసాల పాట. ఇది మామా అల్లుళ్ళ సంవాదం, చెక్కభజన నడకలో. మామ వంతు హెడ్డు గారిది, అల్లుడి వంతు హోంగార్డుది. ‘ఇచ్చేదానికి పిన్ను కావాల, వచ్చేదానికి పిన్నెందుకు మావా’ అనేది పల్లవి. మూడోసారికల్లా ఆడవాళ్ళు అందుకున్నారు. ఈ పక్క ఊళ్ళలో చెక్కభజన తెలియనివాళ్ళు తక్కువ కాబట్టి వంత ఎక్కడ అందుకోవాలో ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది. విషయం కూడా సరిగ్గా ఉంది. యూపీఐలో మనకు డబ్బు రావాలంటే పిన్ను కొట్టే పని లేదు. పిన్ను అడిగారంటే పోయేది మన డబ్బే. వీడియో కాల్లో బెదిరించే డిజిటల్ అరెస్టు అనేది ఏ చట్టంలోనూ లేదు. డబ్బు పోయిందని తెలిసిన క్షణాన సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి, ఎందుకంటే అది ఇంకో ఖాతాకు మారేలోపే ఆపించగలిగేది. ఇంతా పాటలోనే ఉంది, ఒక్క అంకె కూడా ఉపన్యాసంగా చెప్పలేదు. వీడియో కాల్లో దొంగ పోలీసు కనపడే చరణంలో హెడ్డు గారు తన నడుం బెల్టు మీద చెయ్యి వేసి ‘ఈ బెల్టు బరువు ఫోన్లో యాడ తెలుస్తాది మావా’ అంటాడు. నిజం యూనిఫాం వేసుకున్న మనిషి పాడితేనే ఆ పాదానికి విలువ, వేరే జట్టు పాడితే పేలదు.

మైనర్లకు బండి ఇచ్చే తల్లిదండ్రుల పాట, తాగి నడిపే డ్రైవరు పాట ఫరవాలేదు. మొదటిదాంట్లో లెక్కలు కచ్చితంగా చెప్పారు: పిల్లవాడు దొరికితే బండి ఇచ్చిన పెద్దలకు 25 వేల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. రెండోదాంట్లో 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల హద్దును ‘వందలో ముప్పై’ అని పాడారు. వినేవాళ్ళకు అది ముప్పై శాతం అనిపిస్తుంది, అంత మందు రక్తంలో ఉంటే మనిషే ఉండడు. ఆ పాదం దిద్దుకోవాలి.

హెల్మెట్ పాట, స్వాగత గీతం తీసేయొచ్చు. హెల్మెట్ పాటలో ప్రతి పాదం ఆటో వెనక రాసుకునే మాటే. పాట అయ్యాక చేసి చూపించినది మాత్రం పాట కన్నా నయం. హెల్మెట్ వెనక ఐఎస్ 4151 అన్న అంకె, ఐఎస్ఐ గుర్తు ఎక్కడుంటాయో చూపించి, ఒక కుర్రాణ్ణి పైకి పిలిచి తొడిగి, గదవ కింద కట్టుకు మధ్య రెండు వేళ్ళే దూరాలని పెట్టి చూపించాడు. మూడు వేళ్ళు దూరితే పడినప్పుడు హెల్మెట్టే ముందు ఊడిపోతుంది. నాలుగేళ్ళు దాటిన పిల్లలకు కూడా తప్పనిసరని చెప్పినప్పుడు సగం మంది పక్కవాళ్ళ మొహాలు చూసుకున్నారు. పాట ఎత్తేసి ఇదొక్కటి ఉంచితే పది నిమిషాలు మిగులుతాయి.

సంగీతంలో ఒక చిక్కు ఉంది, అది ఆయనే సరిచేసుకోవాలి. మన పల్లెపాటల్లో చాలావాటి నడక తిశ్రం, మూళ్ళ లెక్క. వడ్ల పాట కూడా అంతే, డప్పు తకిట తకిట అని నడుస్తుంది. గిటార్ మాత్రం అలవాటు కొద్దీ ధుం-చక్ అని రెళ్ళ లెక్కలో పోతుంది. పల్లవిలో సర్దుకుపోతారు గానీ చరణం మొదట్లో దెబ్బలు కలవవు, ఎవరో ఒకరు తడబడతారు. ముందు లావు తీగ మీద ఒక దెబ్బ, తర్వాత కిందికి రెండు గీతలు, ధుం-చక్-చక్ అని వాయిస్తే సరిపోయే పని. కంట్రీలోనే వాల్ట్జ్ అనే మూళ్ళ లెక్క పాటలన్నీ అట్లా నడిచేవే. నెమ్మది పాటలు రెండింటికీ అది పట్టుకుంటే చాలు.

ఇంకొకటి, వంత పాడే అమ్మాయి. జట్టులో అందరికన్నా మంచి గొంతు ఆవిడది, కానీ ఏ శ్రుతి ఆవిడకు బాగా కిందికి. పాదాల చివర గొంతు గాలిలో కలిసిపోతూ ఉంది. కాపో రెండో మెట్టు నుంచి అయిదో మెట్టుకు జరిపితే అవే కార్డులు సీ శ్రుతిలో మోగుతాయి, ఆవిడ గొంతు పైకి తేలుతుంది. ఒక పాటైనా ఆవిడ ముందు పాడి, హెడ్డు గారు వంత అందుకుంటే బాగుంటుంది. ఇద్దరికీ ఒకే మైకు ఇవ్వడం ఇంకో తప్పు. ఆయన ఎత్తరి, మైకు ఆయన నోటి దగ్గర ఉంది.

డప్పుల గురించి. రెండింటిలో ఒకటి మేక చర్మంది, ఒకటి బోల్టులతో బిగించే ఫైబరుది. చర్మం డప్పు కాగితేనే పలుకుతుంది. సముద్రం గాలి తగిలే ఊళ్ళలో సాయంత్రం అయ్యేసరికి చర్మం చెమ్మ పీల్చి వదులవుతుంది, ‘కంగు’ మనాల్సింది ‘బొద్దు’ మంటుంది. అరగంటకోసారి మళ్ళీ కాచుకోవాల్సిందే. ఎండుగడ్డి మంట, మూరెడు దూరం, డప్పును తిప్పుతూ ఉండాలి. ఒకేచోట పట్టుకుంటే అంచు దగ్గర చర్మం పగులుతుంది. ఇక్కడ గడ్డి తేవాలని ఎవరికీ తోచలేదు. అట్టపెట్టెలు కాల్చారు. అట్ట గుప్పున మండి పొగ పెట్టి ఆరిపోతుంది, చర్మానికి వేడి నిలవదు. నాలుగో పాటకల్లా చర్మం డప్పు పడిపోయి ఫైబరుది ఒక్కటే టకటకమని మిగిలింది. ఫైబరుకు కాచే పని లేదు, చినుకులు పడినా బాధ లేదు, కానీ కింది మోత ఉండదు. వడ్ల పాట లాంటిది దాని మీద నిలబడదు. కాబట్టి మోపెడు ఎండుగడ్డి, ఒక ఇనప తట్ట, పక్కన బకెట్ నీళ్ళు పిలిచినవాళ్ళే సిద్ధంగా ఉంచాలి. నిప్పురవ్వలు షామియానా మీదికి పోకుండా, దానికి గాలి వాలున, దూరంగా.

అసలు గొడవంతా మైకుది. ఈ ప్రోగ్రాంలో సరుకు మాట. మాట వినపడకపోతే హెడ్డు గారు ఎంత రాసినా ఉట్టిదే. మైకు సెట్టువాళ్ళకు పెళ్ళి ఊరేగింపు అలవాటు, చేయి ఎప్పుడూ రెండు గుండీల మీదే ఉంటుంది: బేస్, ఎకో. ఎకో వేస్తే ఒక్కొక్క అక్షరం నాలుగుసార్లు వస్తుంది, ‘పిన్ను’ కాస్తా ‘పిన్‌నున్‌నున్ను’ అవుతుంది. ఎకో సున్నాకు తిప్పించండి. గొంతు మైకులకు బేస్ బాగా తగ్గించండి, లేకపోతే డప్పు మోతంతా గొంతు మైకులోంచి కూడా వస్తుంది. మాటలో హల్లులు తెలిసేది పై భాగంలో, 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య. ఆ గుండీ కొంచెం పెంచితే చాలు.

ఇంకో తప్పు గొట్టం స్పీకర్లది. స్టేజీ దగ్గర రెండు బాక్సులు పెట్టి, 60 మీటర్ల అవతల కరెంటు స్తంభానికి రెండు గొట్టాలు కట్టారు, ఊరంతా వినపడాలని. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. అంటే గొట్టం కింద కూర్చున్నవాడికి గొట్టం మాట ముందు, స్టేజీ మాట సెకనులో ఆరో వంతు వెనక. రెండూ ఒకదాని మీద ఒకటి పడి, వెనక కూర్చున్న ఆడవాళ్ళకు ఒక్క చరణం అర్థం కాలేదు. వాళ్ళు మధ్యలో లేచి ఇళ్ళకు పోవడానికి కారణం పాట కాదు. గొట్టాలు వద్దు. బాక్సులు రెండూ స్టేజీకి ముందు, మైకుల కన్నా ముందుకు, నేల మీద కూర్చున్నవాళ్ళ తలలపైన, అంటే ఆరడుగుల ఎత్తున, కొంచెం కిందికి వంచి కట్టించండి. మైకు వెనక బాక్సు ఉంటే కూత తప్పదు. ఈ ప్రోగ్రాంలో తొమ్మిదిసార్లు కూసింది.

గిటార్‌కు మైకు స్టాండు అడ్డం పెట్టడం వల్ల అందులోకి డప్పే వచ్చింది. ఆ గిటార్‌కు తీగల మోతను వైరులోంచి నేరుగా పంపే పికప్ ఉంది, వైరు పెట్టుకునే రంధ్రం కూడా కనపడుతూనే ఉంది, కానీ లోపలి 9 వోల్టుల బ్యాటరీ అయిపోయిందట. ముందు రోజు ఒక కొత్త బ్యాటరీ, పావు అంగుళం జాక్ ఉన్న వైరు మైకు సెట్టువాళ్ళను తెమ్మని చెప్పి ఉంచండి. లైట్లకూ ఆంప్లిఫయర్‌కూ వేరువేరు లైన్లు లాగిస్తే జుమ్ముమనే మోత చాలావరకు పోతుంది.

టైం సంగతి. ఆరున్నరకు అన్నారు, ఏడుంపావుకు మొదలైంది. అందులో ఉపన్యాసాలకే నలభై నిమిషాలు. మొదటి పాట వచ్చేసరికి పిల్లలు నిద్రకు పడ్డారు. రాత్రి పది దాటాక లౌడ్‌స్పీకరు వాడకూడదు, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు అవి. పాడేది పోలీసులు కాబట్టి పది కొట్టేసరికి ఠంచనుగా ఆపేశారు, డ్రైవరు పాట సగంలో. ఉపన్యాసం పెట్టుకోక తప్పదనుకుంటే వడ్ల పాట తర్వాత పెట్టండి. అప్పటికి జనం కూర్చుని ఉంటారు. వరస ఇట్లా ఉంటే గంటలో ముగుస్తుంది: ముందు ఫోన్ పాట నవ్విస్తూ, తర్వాత వడ్ల పాట, హెల్మెట్ చేసి చూపించడం, మైనర్ల పాట, చివర మళ్ళీ ఫోన్ పాట పల్లవి అందరితో. కాలేజీ అయితే వడ్ల పాట తీసి మైనర్ల పాట ముందుకు తేవాలి. ఇంటర్ పిల్లల దగ్గర పుట్లు, కళ్ళం అంటే సగం మందికి అందదు.

అయిదుకు మార్కులు వేయాలంటే పాటలకు నాలుగు, సంగీతానికి మూడు, ఏర్పాట్లకు ఒకటి. ఏర్పాట్ల మార్కు జట్టుది కాదు, పిలిచినవాళ్ళది.

పిలవాలనుకునేవాళ్ళు మీ స్టేషన్లో రాతపూర్వకంగా ఇవ్వండి, అక్కడినుంచి పైకి పోయి అనుమతి వస్తుంది. కాగితంలో తేదీతో పాటు చోటు, ఎంతమంది వస్తారు, కరెంటు ఉందా జనరేటరా, మైకు ఎవరిది, ఇవన్నీ రాయాలి. రెండో తేదీ కూడా ఒకటి రాసి ఉంచండి, ఎందుకంటే వీళ్ళు ముందు పోలీసులు, తర్వాతే పాటగాళ్ళు. మొహర్రంలో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ జరిగే రోజుల్లో, పెంచలకోన, జొన్నవాడ బ్రహ్మోత్సవాలప్పుడు, ఎన్నికలు ఉన్నా, మంత్రులు వస్తున్నా, ఆ పొద్దు జట్టులో సగం మంది బందోబస్తులో ఉంటారు. ముగ్గురితో వచ్చి పాడితే వడ్ల పాట పాడించకండి, రెండు డప్పులు లేకుండా అది తేలిపోతుంది. ఫోన్ పాట ముగ్గురితో కూడా నిలుస్తుంది.

పాటల కాగితం జిరాక్స్ తీయించి పంచితే ఎట్లుంటుందని ఎవరో అడిగితే హెడ్డు గారు వద్దన్నారు, కాగితం చూస్తూ వంత పాడరని. ఒక్క 1930 మాత్రం పెద్ద అంకెల్లో అట్ట మీద రాయించి స్టేజీ పక్కన నిలబెట్టమన్నారు. అట్టలు అప్పటికే డప్పు కింద కాలిపోయాయి.